తాత పేరు పక్కన ఇంటూ మార్కు

ఈ వారం ఉత్తరం శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చింది. రాసినావిడకి 34 ఏళ్లు. పేరు, ఊరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరంలో ముఖ్యమైన సంగతులు ఇవి.

ఇంట్లో ఆవిడ, భర్త, అయిదో తరగతి చదివే కొడుకు, అత్తయ్య, మామయ్య ఉంటారు. మామయ్యకి 71 ఏళ్లు. మే నెలలో పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మింగలేరు కాబట్టి ముక్కులో గొట్టం వేశారు. పాలు, పలచగా వడగట్టిన చోడి (రాగి) జావ అందులోంచే పోస్తారు. ఆయన్ని చూసుకోవడానికి వదిన, అంటే భర్త అక్క, విశాఖ నుంచి వచ్చి ఏడు నెలలుగా ఇక్కడే ఉంటున్నారు. వదినకి 42 ఏళ్లు. పెళ్లయి 20 ఏళ్లయినా పిల్లలు లేరు. తండ్రికి ఒళ్లు తుడవడం, పక్కకి తిప్పడం, గడ్డం గీయడం, గోళ్లు తీయడం అన్నీ ఆమే.

నెల కిందట ఒక ఆదివారం మామయ్యని చూడటానికి చుట్టాలు వచ్చారు. బాబు వసారాలో కూర్చుని పరీక్షకి చదువుకుంటున్నాడు. పాఠం సజీవులు, నిర్జీవులు. ఆహారం తీసుకోవడం, శ్వాసించడం, విసర్జించడం, పెరగడం, కదలడం, స్పందించడం, తమలాంటి వాటిని పుట్టించడం. ఈ ఏడూ ఉంటే సజీవి, లేకపోతే నిర్జీవి అని బళ్లో చెప్పారు. అర్థమైందో లేదో చూసుకోవడానికి వాడే ఒక పట్టిక గీసుకున్నాడు. వరుసగా ఆవు, బైకు, కొబ్బరిచెట్టు, రాయి, నాన్న, తాత, అత్త. ఒక్కో పేరుకి ఏడు గళ్లు. తాత పేరు పక్కన తినడు, కదలడు, పెరగడు, పలకడు అని నాలుగు ఇంటూ మార్కులు పెట్టి చివర ప్రశ్నార్థకం వేశాడు. అత్త పేరు పక్కన ఆరు టిక్కులు, ఆఖరి గడిలో ఒక ఇంటూ.

మామయ్య చెల్లెలు ఆ నోట్సు తీసి "ఓలమ్మో, ఇదేటిరా ఇది" అంటూ అందరికీ చదివి వినిపించింది. ఎవరూ మాట్లాడలేదు. ఏం చెయ్యాలో తోచక ఉత్తరం రాసినావిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వు వదిన చూశారు. భర్త బాబుని చెంప మీద కొట్టి, ఆ పేజీ చింపేశాడు. వదిన లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. అప్పటి నుంచి బాబుతో మాట్లాడటం లేదు. సంక్రాంతి వెళ్లగానే విశాఖ వెళ్లిపోతానంటున్నారు. బాబు తాత గదిలోకి అడుగు పెట్టడం మానేశాడు. ఒకప్పుడు వాడికి తాతే లోకం. తొలకరికి నానబెట్టిన విత్తనాన్ని మొలకెత్తడానికి బస్తాలో మండె కట్టినప్పుడు తాత వాడి చెయ్యి బస్తాలో పెట్టించి "సూడరా, గింజలు ఊపిరి తీస్తన్నాయి" అనేవారట.

ఆవిడ అడిగినవి మూడు. బాబుకి ఏం చెప్పాలి? వదిన ముఖం ఎలా చూడాలి? టీచరుని నిలదీయాలా? ఉత్తరం చివర వేరే సిరాతో ఇంకో మాట ఉంది. "రాత్రిపూట గొట్టంలో పాలు పోస్తుంటే, వాడు గీసిన పట్టికే నిజమేమో అని నాకూ అనిపిస్తుంది. ఇలా అనుకుంటున్నందుకు నా మీద నాకే అసహ్యం వేస్తోంది."

సమాధానం

అమ్మా, నేను విజయనగరం జిల్లాలో చాలా ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. బోర్డు మీద నిలువుగా గీత గీసి, ఇటు ఆవు, అటు రాయి అని రాసిన దాన్నే. ఆ ఏడు లక్షణాలూ పిల్లల చేత వల్లె వేయించాను. మీ ఉత్తరం చదివాక, నేను చెప్పిన ఆ పాఠం ఎన్ని ఇళ్లలో ఎవరి మనసు కష్టపెట్టిందో అని రెండు రోజులు అదే ఆలోచన. అందుకే మీకు కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. మీ అబ్బాయి చేసింది తప్పు పని కాదు. చెప్పిన సూత్రాన్ని తీసుకెళ్లి ఇంట్లో ఉన్న మనుషుల మీద పెట్టి చూశాడు. తాత పేరు పక్కన నిర్జీవి అని రాయలేదు, ప్రశ్నార్థకం వేశాడు. అంటే పాఠం చెప్పినదానికీ, తన మనసు చెబుతున్నదానికీ పొంతన కుదరలేదు వాడికి. ఆ ప్రశ్నార్థకం ఎవరికీ కనబడలేదు. ఇంటూలే కనబడ్డాయి.

లోపం పాఠంలో ఉంది. ఆ ఏడు లక్షణాలూ అబద్ధం కావు. కానీ అవి ఆనవాళ్లు. మబ్బు, ఈదురుగాలి, ఉరుము వాన వచ్చే ఆనవాళ్లు. ఉరమకుండానే వాన పడ్డ రోజు అది వాన కాదనం కదా. ఒక జాతి మొత్తాన్ని, దాని జీవితకాలం పొడుగునా చూస్తే ఈ ఏడూ కనిపిస్తాయి. ఆ జాతిలో ఒక్కరిని, ఒక్క ఆదివారం మధ్యాహ్నం చూసి టిక్కులు లెక్కపెట్టి తేల్చేది కాదు.

నమ్మకం కుదరాలంటే బాబు చేత ఇంకో పట్టిక గీయించండి. ఇంట్లోవాళ్ల పేర్లు వద్దు. మూడే పేర్లు రాయించండి. దేవుడి దగ్గర వెలిగే దీపం, నౌపడ ఉప్పు, బస్తాలోని ఎండు వరి గింజ.

దీపానికి నూనె కావాలి, అది తిండి. గాలి కావాలి, గ్లాసు బోర్లిస్తే ఆరిపోతుంది. పొగ వదులుతుంది, అది విసర్జన. వత్తి ఎగదోస్తే పెరుగుతుంది, కదులుతుంది, ఊదితే వంగుతుంది. ఒక దీపంతో పది దీపాలు వెలిగించవచ్చు. ఏడుకి ఏడు టిక్కులు! ఉప్పు తీసుకోండి. నౌపడ మడుల్లో సముద్రపు నీరు ఎండేకొద్దీ గళ్లు గళ్లుగా స్ఫటికాలు కడతాయి, రోజురోజుకీ పెద్దవవుతాయి. పెరుగుదల గడిలో టిక్కు పెట్టాల్సిందే. ఇక వరి గింజ. తినదు, కదలదు, పెరగదు, పిలిస్తే పలకదు, గాదెలో నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. ఊపిరి కూడా మన కంటికి తెలిసేటట్టు తీయదు. దాదాపు అన్నీ ఇంటూలే.

టిక్కులు లెక్కపెడితే దీపం సజీవి, విత్తనం నిర్జీవి. ఇది తప్పని మీ వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు, రైతు ఇంట్లో పుట్టినవాడు. అదే విత్తనాన్ని ఒక రోజు నానబెట్టి, నీళ్లు వార్చి, గోనెసంచిలో మండె కడితే మర్నాటికి చెయ్యి పెట్టగానే వెచ్చగా తగులుతుంది. వేల గింజలు ఒక్కసారిగా తమలో దాచుకున్న పిండిని కరిగించుకుని శ్వాసిస్తుంటే పుట్టే వేడి అది. మామయ్యగారు వాడికి చెప్పింది అక్షరాలా నిజం. ఆయన బడికి ఎంతవరకు వెళ్లారో మీరు రాయలేదు గానీ, ఈ పాఠం ఆయన నాకంటే బాగా చెప్పారు. ఇజ్రాయెల్‌లో సుమారు 2000 ఏళ్ల నాటి ఖర్జూరపు గింజ ఒకటి తవ్వకాల్లో దొరికితే, 2005లో నాటారు. మొలిచింది, చెట్టయింది. అన్ని ఏళ్లూ దాని పేరు పక్కన అన్నీ ఇంటూలే ఉండేవి.

మరి దీపానికీ గింజకీ తేడా ఎక్కడుంది? లోపల. గింజలో కణాలున్నాయి. 1665లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త సూక్ష్మదర్శినిలో బెరడు ముక్కను చూసి మొదటిసారి గళ్లు గళ్లుగా గుర్తించిన ఆ కణమే, బ్యాక్టీరియా నుంచి మన వరకు ప్రతి జీవికీ ఇటుక. ఆ కణంలో తాను ఏం కావాలో రాసిన డీఎన్ఏ ఉంది. వరి గింజ వరే అవుతుంది, చోడి కాదు. దీపానికి అలాంటి రాత ఏదీ లేదు. ఉప్పు స్ఫటికం బయట నుంచి పొర మీద పొర అంటుకుని పెద్దదవుతుంది. గింజ మాత్రం మట్టిలోని లవణాలనీ నీటినీ గాలినీ లోపలికి తీసుకుని వాటిని తన ఒంటిగా మార్చుకుంటుంది. దెబ్బ తగిలితే బాగుచేసుకుంటుంది. బయట ఎండైనా చలైనా లోపల తనకు కావలసిన తీరు నిలుపుకోవడానికి పాటుపడుతుంది. ఆ పాటు ఆగకుండా సాగుతున్నంతకాలం, లేదా గింజలో లాగా తిరిగి మొదలయ్యే వీలున్నంతకాలం, అది జీవం. పెద్ద క్లాసుకి వెళ్లాక వాడికి వైరస్ గురించి చెబుతారు. 1935లో వెండెల్ స్టాన్లీ అనే అమెరికా శాస్త్రవేత్త పొగాకు మొక్కకి తెగులు తెచ్చే వైరస్‌ని స్ఫటికాల్లా వేరు చేశారు. సీసాలో పెడితే వస్తువు, ఆకులోకి వెళ్తే పిల్లలు పెట్టే ప్రాణి. అది సజీవో కాదో శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు. ఆ గీత అంత తేలిక కాదని పదేళ్ల పిల్లాడికి తెలిస్తే మంచిదే.

ఇప్పుడు తాత గది.

బాబుని లోపలికి ఎలా తీసుకెళ్లాలి అన్నది మీ మొదటి చిక్కు. మూడు దారులు కనిపిస్తున్నాయి. వాడంతట వాడు వెళ్లేదాకా వదిలేయడం ఒకటి. బలవంతం ఉండదు, కానీ మామయ్య ఆరోగ్యం ఏ రోజు ఎలా ఉంటుందో తెలియదు. ఏదైనా జరగరానిది ఈలోపు జరిగితే, తాను అలా రాసినందుకే తాత పోయాడని వాడు పెద్దయ్యాక కూడా అనుకునే ప్రమాదం ఉంది. ఈ వయసు పిల్లలు అలా అనుకుంటారు, పైకి చెప్పరు. రెండోది, వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి తాతకి దండం పెట్టించడం. గదిలోకి వెళ్తాడు, భయం అలాగే ఉంటుంది. మూడోది నాకు మంచిదనిపిస్తోంది. ఏదో ఒక పని మీద తీసుకెళ్లండి. మధ్యాహ్నం వదిన కాసేపు నడుం వాల్చే వేళ చూసుకుని, మీరిద్దరే వెళ్లండి.

వాడి అరచెయ్యి తాత ముక్కు కింద పెట్టించండి. తర్వాత చల్లటి స్టీలు గ్లాసు అక్కడ పట్టమనండి, మసక కమ్ముతుంది. గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని ఊపిర్లో లెక్కపెట్టమనండి. మామూలుగా 12 నుంచి 20 మధ్య ఉంటాయి. తర్వాత వాడివి వాడే లెక్కపెట్టుకోవాలి. తాత ఛాతీ మీద చెవి ఆనించమనండి. గుండె రోజుకి సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. కదలడు అని ఇంటూ పెట్టిన గడి ఇదే. తినడు అన్నాడు కదా. గొట్టంలోంచి వెళ్లినా కంచంలోంచి వెళ్లినా చోడి జావ కడుపులోకి చేరాక ఒంటికి తేడా తెలియదు, అరుగుతుంది, రక్తంలో కలుస్తుంది. ఎక్కువైనది మూత్రం సంచిలోకి వస్తుంది. అది చూసి వాడు మొహం చిట్లించినా ఫరవాలేదు. తాత కిడ్నీలు వాటి పని అవి చేసుకుంటున్నాయనే దానికి గుర్తు అది అని చెప్పండి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు డయాలసిస్ మీద ఉన్న మనుషుల్ని మన జిల్లాలో చూడనివాళ్లు ఉండరు. వాళ్ల కిడ్నీలు ఆ ఒక్క పని మానేశాయి. అయినా వాళ్లు మన మధ్యే తిరుగుతున్నారు, పొలం వెళ్తున్నారు, మనవల్ని ఎత్తుకుంటున్నారు. ఒక గడిలో ఇంటూ పడితే మనిషి అటు పక్కకి వెళ్లిపోడు.

పెరగడు అన్నదానికి సమాధానం మీ వదిన చేతిలోనే ఉంది. ఆవిడ ప్రతి పది పదిహేను రోజులకీ తండ్రి గోళ్లు తీస్తున్నారని రాశారు. మనిషి చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మే నెలలో ఆయన వేళ్ల చివర ఉన్న గోరు ఇప్పుడు లేదు, ఇది కొత్తది. గడ్డం కొత్తది. ఎర్ర రక్తకణాలు 120 రోజులే బతుకుతాయి కాబట్టి, ఆ మంచం ఎక్కిన రోజు ఒంట్లో ఉన్న ఎర్ర కణాలన్నీ పోయి కొత్తవి వచ్చాయి. సెకనుకి 20 లక్షలకు పైగా కొత్త ఎర్ర కణాలు ఎముకల్లోని మజ్జలో తయారవుతుంటాయి. చచ్చిపోయాక కూడా గోళ్లు పెరుగుతాయని వాడికి ఎవరైనా చెబితే అది అబద్ధం. చర్మం ఎండి వెనక్కి లాక్కుపోవడం వల్ల అలా కనిపిస్తుంది.

పలకడు అని పెట్టిన ఇంటూ గురించి మాత్రం మీతోనే మాట్లాడాలి. వదిన "నాన్నా" అని పిలిస్తే ఆయన ఎడమ చేత్తో వేలు నొక్కుతారని మీరే మూడో పేజీలో రాశారు, ఏదో మామూలు సంగతిలా. అది మామూలు సంగతి కాదు. కుడి పక్క పడిపోయి మాట పోయినవాళ్లలో చాలామందికి వినపడుతుంది, ఎంతో కొంత అర్థమవుతుంది, జవాబు చెప్పే దారి మాత్రమే మూసుకుపోతుంది. ఆ ఆదివారం మీ చిన్నత్తగారు పట్టిక చదివింది మామయ్య మంచానికి ఎంత దూరంలో? దయచేసి చుట్టాలకి గట్టిగా చెప్పండి, ఆ గదిలోనూ వసారాలోనూ ఆయన గురించి ఆయన లేనట్టు మాట్లాడొద్దని. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, ఆ వేలు నొక్కడం గురించి చెప్పి, అవును, కాదు అని సైగ చేయించడం నేర్పవచ్చా అని అడగండి. ఫిజియోథెరపీ ఆగిపోయి ఉంటే దాని గురించీ అడగండి. బాబుతో మాత్రం తాత లేచి నడుస్తాడని మాట ఇవ్వకండి. తాత బతికి ఉన్నాడు, నీ గొంతు వింటున్నాడు, ఇంతవరకే చెప్పండి.

ఇక వదిన.

పిల్లల్లేని మనిషి పేరు పక్కన ఆ ఆఖరి గడిలో పడ్డ ఇంటూ చాలా పెద్ద తప్పు లెక్క. ఇది బాబుకి తప్పకుండా చెప్పాలి. సంతానం అన్నది జాతి లక్షణం, ఆ జాతిలో ప్రతి ఒక్కరికీ పెట్టే పరీక్ష కాదు. కంచర గాడిద ఉంది. గుర్రానికి కణంలో 64 క్రోమోజోములు, అంటే డీఎన్ఏ చుట్టుకుని ఉండే పోగులు, గాడిదకి 62, వాటికి పుట్టిన కంచర గాడిదకి 63. జతలు సరిపడవు కాబట్టి దాదాపుగా దానికి పిల్లలు పుట్టవు. కొండదారుల్లో బస్తాలు మోసే ఆ జంతువుని నిర్జీవి అంటామా? తేనెపట్టులో వేల కొద్దీ ఆడ ఈగలు ఉంటాయి, మామూలుగా గుడ్లు పెట్టేది రాణి ఒక్కతే. అమెరికాకి చెందిన జీవరసాయన శాస్త్రవేత్త డేనియల్ కోష్‌లాండ్ 2002లో ఒక వ్యాసంలో ఇలాంటి సంగతే రాశారు. జీవం అంటే ఏమిటో తేల్చడానికి శాస్త్రవేత్తలు కూర్చుని, సంతానాన్ని కనగలగడమే అసలు లక్షణం అనుకున్నారట. అయితే ఒక్క కుందేలు ఉంటే చచ్చినట్టు, ఆడామగా రెండుంటే బతికినట్టా అని ఎవరో అడిగేసరికి ఆ నిర్వచనం అక్కడే పడిపోయింది. తర్వాత కోష్‌లాండ్ జీవానికి చెప్పిన ఏడు మూలస్తంభాల్లో పిల్లల్ని కనడం అని విడిగా ఒక స్తంభం లేదు.

ఈ కుందేలు, కంచర గాడిద మాటలన్నీ బాబుకే. వదిన దగ్గర ఒక్కటి కూడా ఎత్తకండి. సైన్సు ప్రకారం నువ్వూ సజీవివే అని ఓదార్చడం అంత అన్యాయం ఇంకోటి ఉండదు. తాను బతికే ఉన్నానని ఆవిడకి తెలుసు. ఆవిడకి దెబ్బ తగిలింది బాబు నోట్సులో కాదనుకుంటున్నాను. వాడు ఆరు టిక్కులు కూడా వేశాడు. ఆ కాగితాన్ని గొంతెత్తి చదివింది పెద్ద మనిషి, వింటూ ఊరుకున్నది పెద్దవాళ్లు. 20 ఏళ్లుగా పెళ్లిళ్లలో, పేరంటాల్లో, సీమంతాల్లో ఇదే మాట మెత్తగా అంటూ వచ్చింది కూడా పెద్దవాళ్లే. పుట్టింట్లో, తండ్రి మంచం పక్కన, అదీ తాను చేతులారా అన్నం పెట్టే పిల్లాడి రాతలో అది కనబడేసరికి ఇక తట్టుకోలేకపోయారు.

మీ నవ్వు సంగతి రాసినందుకు మిమ్మల్ని గౌరవిస్తున్నాను. చాలామంది అది దాచేవారు. ఇబ్బందికి వచ్చిన నవ్వని నాకు అర్థమైంది. ఆవిడకి అర్థమై ఉండదు. అందుకే బాబు చేత సారీ చెప్పించడం గురించి నాకు సందేహం. వాడు చెబితే ఇంట్లో పైకి గొడవ సద్దుమణుగుతుంది. కానీ అడగడమే తప్పని వాడు నేర్చుకుంటాడు, జాలి పడుతున్నారని ఆవిడ అనుకుంటారు. మీ ఆయన వెళ్లి అక్కతో మాట్లాడవచ్చు. తమ్ముడి మాటకి ఆవిడ ఇంట్లో ఉండిపోతారేమో కూడా. అయితే మీకూ ఆవిడకీ మధ్య ఉన్నది అలాగే ఉండిపోతుంది. ఏమీ మాట్లాడకుండా పండగ దాటేయవచ్చు. అప్పుడు ఆవిడ సంచి సర్దుకుని వెళ్లిపోతారు, ఇక ఈ ఇంటికి చుట్టంలాగే వస్తారు.

లేదా మీరే వెళ్లి చెప్పవచ్చు. "వదినా, ఆ రోజు నాకు నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో నాకే తెలియలేదు. చిన్నత్తగారు చదువుతుంటే ఆపాల్సింది, ఆపలేదు. నాది తప్పు" అని. ఇంతే. దీని వెనక "కానీ" తగిలించకండి. చిన్నపిల్లాడు, తెలియక అలా రాశాడు అని కలపకండి. ఉండిపోమని కూడా ఆ రోజు అడగొద్దు. ఎందుకో మీకూ తెలుసు. ఆవిడ వెళ్లిపోతే రెండు గంటలకోసారి మామయ్యని పక్కకి తిప్పే పని, గొట్టం కడిగే పని, రాత్రి మేల్కొనే పని అన్నీ మీ మీద పడతాయి. పని కోసం క్షమాపణ అడిగినట్టు ఆవిడకి ఏ మాత్రం అనిపించినా మీ మాట మంటగలిసిపోతుంది. ఆవిడ ఏడవవచ్చు, కోప్పడవచ్చు, అసలు పట్టించుకోనట్టు అంట్లు తోముతూ ఉండవచ్చు. మూడింటికీ సిద్ధపడి వెళ్లండి. ఆవిడ వెళ్లడానికే నిశ్చయించుకుంటే ఆపకండి. ఏడు నెలలుగా ఆవిడ ఇల్లు విశాఖలో తాళం వేసినట్టే ఉంది. ఆవిడకీ భర్త ఉన్నాడు. నెలకి పది రోజులు వచ్చే ఏర్పాటు గురించి మీ ఆయన మాట్లాడవచ్చు, అది ఆయన పని. చిన్నత్త చేతిలోంచి ఆ నోట్సు లాక్కోకుండా బిడ్డ చెంప మీద కొట్టిన సంగతి గురించి కూడా ఆయన బాబుతో ఒక మాట మాట్లాడాలి. అది మీరు ఆయనకి చెప్పడం కష్టమైతే ఈ పేజీ ఆయనకి ఇవ్వండి.

టీచరు గురించి క్లుప్తంగా చెబుతాను. ఫిర్యాదు చేస్తే ఆవిడకి మాట పడుతుంది, పాఠం మారదు. బళ్లో బాబు వేరుగా కనబడతాడు. ఊరుకుంటే వచ్చే ఏడాది ఇంకో ఇంట్లో ఇంకో పట్టిక. మధ్యలో ఒక దారి ఉంది. దీపం, ఉప్పు, వరి గింజ పట్టికని బాబు చేత శుభ్రంగా రాయించి, ఇది క్లాసులో అడగవచ్చా మేడం అని పంపండి. బోధన మీద ఇష్టం ఉన్న టీచరు అయితే ఆ రోజు క్లాసు బాగుంటుంది. పరీక్షలో మాత్రం ఏడు లక్షణాలూ పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి, మొదట్లో "సాధారణంగా" అనే ఒక్క మాట చేర్చి. ఆ మాటకి ఎవరూ మార్కులు కొయ్యరు.

చివరికి మీ వేరే సిరా మాట. రాత్రి రెండింటికి లేచి గొట్టంలో పాలు పోసే మనిషికి అలాంటి ఆలోచన రావడం పాపం కాదు, అలసట. మామయ్య జీవించి ఉన్నారా అన్న ప్రశ్నకి జీవశాస్త్రం తడుముకోకుండా అవును అంటుంది. కానీ మీరు లోపల అడుగుతున్నది అది కాదేమో. ఇలా ఎంతకాలం, ఆయన బాధపడుతున్నారా, వైద్యం ఎంతవరకు చేయించాలి అని అడుగుతున్నారు. దానికి ఏ పట్టికా జవాబు చెప్పదు. టిక్కులు ఎక్కువ ఉన్నాయి కాబట్టి అన్నీ చేయించాలనీ, తక్కువ ఉన్నాయి కాబట్టి వదిలేయాలనీ లేదు. అది డాక్టరుతో, అత్తయ్యతో, మీ ఆయనతో, వదినతో కలిసి, ఆయన మంచానికి దూరంగా కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. వాయిదా వేస్తే ఏదో ఒక అర్ధరాత్రి ఆసుపత్రి వరండాలో హడావిడిగా తేల్చాల్సి వస్తుంది. ఇప్పుడు మాట్లాడుకుంటే కొన్నాళ్లు ఇంట్లో మౌనం ఉంటుంది, అత్తయ్యకి కోపం రావచ్చు. ఏది ఓర్చుకోగలరో మీకే తెలుసు. ఈలోపు వారానికి రెండు రాత్రులు పాలు పోసే వంతు మీ ఆయన తీసుకోవాలి. మీరు నిద్రపోవాలి.

చింపిన పేజీ ముక్కలు బీరువాలో చీరల కింద దాచానన్నారు. వాటిని అతికించకండి, బాబుకి చూపించకండి. పారేయాలా వద్దా అనేది వదినతో మాట్లాడాక చూసుకోవచ్చు. సంక్రాంతిలోపు ఆవిడ మామయ్య గోళ్లు తీసే రోజు ఒకటైనా వస్తుంది కదా. ఆ రోజు వేళ్లు నానబెట్టడానికి గోరువెచ్చని నీళ్ల గిన్నె బాబు చేతికిచ్చి లోపలికి పంపండి. మీరు మాత్రం వాడి వెనకే వెళ్లకండి.